మాటలో మన్నన: మన మూడూళ్ల సంగతి

నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలంటారు. అయితే ఏ ఊరి నోరు?

మాది పుంగనూరు దగ్గర పల్లె. చదువుకని మదనపల్లెకు వచ్చిన మొదటి వారంలోనే, గోదావరి వైపు నుంచి వచ్చిన సహాధ్యాయిని "ఏమప్పా, యాడికి పోతా ఉండావు?" అని పలకరించాను. మాకది ఆప్యాయత. అతనికది తలబిరుసుతనం. "కొత్తవాణ్ణి పట్టుకొని నువ్వంటాడేమిటి?" అని మొహం తిప్పుకొన్నాడు. అతను "అండి" అన్నప్పుడల్లా నన్ను ఎగతాళి చేస్తున్నాడని నేనూ అనుకొన్నాను! ఒకే గదిలో ఆరు నెలలు మాటల్లేకుండా గడిచాయి.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది. తెలుగులో మన్నన ఒక్కచోట వుండదు. సర్వనామంలో వుంటుంది: వాడు, అతను, ఆయన, వారు అని ఒకే మనిషికి నాలుగు మెట్లు. క్రియ చివర వుంటుంది: రా, రండి. పిలుపులో వుంటుంది: అన్నా, అక్కా, అప్పా. కోస్తావారు బరువంతా "అండి" మీద వేస్తే, మేము వరసపిలుపు మీద వేస్తాం. "రా అన్నా" అన్నప్పుడు క్రియ ఏకవచనమే, కానీ గౌరవమెక్కడ తగ్గింది? అమ్మను అందరం నువ్వనే అంటాం కదా! మరోవైపు, "తమరికి ఆ మాత్రం తెలియదాండీ?" అని నిండా మర్యాదతో ఎదుటివాణ్ణి చిన్నబుచ్చవచ్చు. మన చర్చావేదికల మీద ఈ విద్య బాగానే సాగుతుంది.

కుప్పం సంగతి మరీ విచిత్రం. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. తమిళుల "వాంగ", కన్నడిగుల "బన్ని", మన "రండి", మూడూ ఒక్క మనిషిని బహువచనంతో పిలవడమే. అక్కడి అంగళ్లలో నేను చూసిందేమంటే, వచ్చినవాడి భాషలో మొదటి మాట అని, బేరం తర్వాత చేస్తారు. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో అక్కడ వెలిసిందంటే ఆశ్చర్యం లేదు. మన మదనపల్లెకూ ఈ అలవాటు కొత్త కాదు. 1919లో ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చిన రవీంద్రనాథ్ టాగూరు తన జనగణమనను ఇక్కడే ఇంగ్లీషు చేశారు. ఆతిథ్యమిచ్చిన కజిన్స్ దంపతులు ఐర్లండువారు. స్వరలిపి కూర్చింది మార్గరెట్ కజిన్స్. ఎవరి పలుకుబడి వారిదే అయినా పని జరిగింది.

మా గదిలో మాత్రం పని జరగడానికి నాకు జ్వరం రావలసివచ్చింది. అర్ధరాత్రి అతనే జావ కాచి తెచ్చి, "లేవండి, కాస్త తాగండి" అన్నాడు. ఆ "అండి"లో ఎగతాళి ఎంత వెదికినా దొరకలేదు.

ఇప్పుడతను ఫోన్ చేస్తే "ఏమప్పా, బాగుండావా?" అంటాడు. నా నోటికి "అండి" ఇంకా సరిగా పట్టలేదు.