ముసలి కుక్కకు ముక్కు నుండి రక్తము: కారణము కనుగొనుట ఎట్లు?

అరకులోయ, అనంతగిరి, పాడేరు కొండపల్లెలలో కుక్క ఊరక తిని పడియుండు జంతువు కాదు. చోడి, సామ చేలు పంటకు వచ్చినప్పుడు అడవిపందిని తరుముటకు, రాత్రివేళ మేకల దొడ్డికి కాపలాకు రైతు దానినే నమ్ముకొనును. ఎనిమిది పదేండ్లు ఇట్లు పనిచేసిన కుక్కకు ఒకనాడు ముక్కు నుండి రక్తము కారినచో "ముసలిదైనది, దీని పని అయిపోయినది" అని వదలివేయువారు కలరు. వయస్సు మాత్రముచేత ముక్కు రక్తము కారదు. దానికి వేరొక కారణము ఉండితీరును. ఆ కారణములలో కొన్ని నెల దినముల మందుతో నయమగును. కొన్నింటిలో రెండు దినముల ఆలస్యమే ప్రాణము తీయును. చికిత్స పశువైద్యుని పని. అయితే ఆయన అడుగు ప్రశ్నలకు సమాధానము రైతు కంటిలోనే ఉన్నది.

మొదట చూడవలసినది రక్తము ఒక రంధ్రము నుండి వచ్చుచున్నదా, రెండింటి నుండియా అన్నది. ఒకవైపు నుండియే పలుమార్లు వచ్చినచో లోపము ముక్కులోనే ఉండవచ్చును. రెండువైపుల నుండి వచ్చినచో రక్తము గడ్డకట్టు శక్తి తగ్గినదేమో అని అనుమానింపవలెను. ఇది పక్కా కొలత కాదు, దారి చూపు గుర్తు మాత్రమే. తరువాత పెదవి ఎత్తి చిగుళ్ళు చూడుడు. పొట్టక్రింద వెంట్రుకలు లేనిచోట గుండుసూది తలంత ఎఱ్ఱచుక్కలు ఉన్నవా? మూత్రము ఎఱ్ఱగా ఉన్నదా? ఇవి ఉన్నచో తెగులు రక్తములోనిదే అనుకొనవచ్చును. కుక్క ప్రవర్తన మారి, చొంగ కార్చుచు, కరవ వచ్చుచున్నచో మాత్రము నోరు తెరువరాదు. అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చును.

రక్తపు తెగుళ్ళలో మన ఊళ్ళలో ముందు తలచుకొనవలసినది పిడుదుల వలన వచ్చునది. కొందరు వీనిని గోమార్లు అందురు. కుక్కను పట్టు గోధుమరంగు పిడుదు కాటుతో ఎర్లిఖియా కానిస్ అను సూక్ష్మజీవి రక్తములో చేరును. దీనిని 1935లో అల్జీరియాలో మొదటిసారి గుర్తించిరి. వియత్నాం యుద్ధకాలమున అమెరికా సైన్యపు కుక్కలు ముక్కు నుండి రక్తము కారి పెద్దసంఖ్యలో చనిపోయినది దీనివలననే. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు తగ్గిపోవును. మొదట రెండు మూడు వారములు జ్వరము, నీరసము కనబడి తగ్గిపోవును. నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచిన పిమ్మట తెగులు మరల బయటపడును. కావున నేడు ఒంటిపై పిడుదులు లేవు గనుక ఇది ఆ జబ్బు కాదనుట పొరపాటు. వైద్యులు సాధారణముగా డాక్సీసైక్లిన్ మాత్రలు 28 దినములు వాడింతురు. రెండు మూడు దినములలోనే కుక్క లేచి తిరుగును, దానితో యజమాని మందు మానివేయును. అచ్చటనే చిక్కు వచ్చును. నెల పూర్తి చేయవలెను. ముదిరి మూలుగ దెబ్బతిన్న పిమ్మట మందు అంతగా పనిచేయదు. పిడుదు గోడ పగుళ్ళలో, కుక్క పడుకొను గోనెలో వేలకొలది గ్రుడ్లు పెట్టును గనుక పగుళ్ళు మెత్తుట, పాత గోనె తగులబెట్టుట కూడ చికిత్సలో భాగమే. పంటపై చల్లు పురుగుమందును కుక్క ఒంటికి ఎన్నడును పూయరాదు.

రెండవ అనుమానము ఎలుకల మందు. చేలలో బ్రోమాడయోలోన్ ఎర పెట్టుడని చెప్పునది మా శాఖయే గనుక ఈ మాట చెప్పు బాధ్యతయు మాదే. ఎర తిన్ననాడు కుక్క బాగుగానే ఉండును. సామాన్యముగా మూడు నుండి అయిదు దినములకు రక్తస్రావము మొదలగును. విటమిన్ కె1 దీనికి విరుగుడు, వారముల తరబడి ఈయవలెను. మందు పొట్లము కాగితము దొరికినచో వైద్యునికి చూపుడు. రక్తపింజరి కాటు వలనను రక్తము గడ్డకట్టదు. ముఖముపైనో కాలిపైనో వాపు ఉన్నచో క్షణము ఆగరాదు.

ఇక ముక్కులోని లోపములు. గడ్డిముల్లు దూరినచో ఉన్నట్టుండి ఒకటే తుమ్ములు వచ్చును. కొండవాగులో నీరు త్రాగు కుక్క ముక్కులో జలగ చేరవచ్చును. అది నీటి కొరకు ముందుకు వచ్చినప్పుడు కనబడును. పైకోర మూలము ముక్కుగూటిని ఆనుకొనియుండును గనుక పన్ను కుళ్ళిన ముసలి కుక్కకు చీము, రక్తము కలసి వచ్చును. ముసలి కుక్కలలో ముక్కులో కంతి పెరుగుటయు కలదు. అరకు చలి ఉదయమున మెరయు స్టీలు పళ్ళెమును ముక్కు క్రింద పట్టి చూడుడు: ఒకవైపు ఆవిరి పట్టనిచో ఆ రంధ్రము మూసికొనిపోయినదన్నమాట. ముఖము ఒకవైపు ఉబ్బుట, కన్ను ముందుకు వచ్చుట కంతికి గుర్తులు. అయినను కంతి అనగానే ఆశ వదలరాదు. జతకట్టుట వలన కుక్క నుండి కుక్కకు అంటు కంతి ఒకటి వాసన చూచుటచే ముక్కులోను పెరుగును. విన్‌క్రిస్టిన్ సూదిమందును వారమునకు ఒకసారి చొప్పున కొన్ని వారములు ఇచ్చినచో అది చాలవరకు కరగిపోవును.

వైద్యుడు చూచులోపల కుక్కను కదలనీయక నీడను ఉంచి, చల్లటి తడిబట్ట ముక్కు దూలముపై వేయుడు. పసుపు, నశ్యము, ఆకుపసరు ముక్కులో పోయరాదు. మూతి కట్టరాదు, అది నోటితోనే ఊపిరి తీయవలసియుండును. మనుష్యులు వాడు ఆస్పిరిన్, నొప్పిమాత్రలు ఇచ్చినచో రక్తస్రావము హెచ్చును. రక్తము, చొంగ తాకిన చేతులను సబ్బుతో కడుగవలెను. చిగుళ్ళు తెల్లబారినచో ఆ పూటనే పశువైద్యశాలకు చేర్చవలెను, లేదా సంచార పశువైద్య వాహనమునకు 1962 నంబరుకు ఫోను చేయవలెను. ఎన్నాళ్ళ నుండి, ఏ రంధ్రము, పిడుదులు పట్టినది ఎప్పుడు, ఎర పెట్టినది ఎవరి చేనిలో అన్న నాలుగు సంగతులు కాగితముపై వ్రాసికొని పొండు. ఒకే ఊరిలో రెండు మూడు కుక్కలకు ఇట్లయినచో గ్రామాధికారి ఆ వారము ఎలుకల ఎర ఎచ్చట పెట్టిరో ముందు విచారింపవలెను.