శని, ఆదివారముల చదరంగము

చదరంగము మన దేశమున పుట్టిన ఆట. రథ, గజ, తురగ, పదాతులను నాలుగు అంగములు గల సేనకు చతురంగమని పేరు. ఆ పేరే ఈ ఆటకును వచ్చినది. ఇది మన దేశమునుండి పారసీక దేశమునకును, అచటినుండి అరబ్బుల దేశములకును, ఆపై ఐరోపా ఖండమునకును ప్రయాణము చేసి, దారిలో కొన్ని మార్పులు పొంది నేటి రూపము దాల్చినది. పలకమీద 64 గళ్లు. ఇరుపక్షములకు కలిపి 32 పావులు. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుఱ్ఱము, బంటు అను పేర్లు మీలో పెక్కురు వినియే యుందురు.

అరుగుమీద ఆడు ఆట వేరు. పోటీలో ఆడు ఆట వేరు. అరుగుమీద వేసిన ఎత్తును వెనుకకు తీసికొనవచ్చును. చుట్టును చేరినవారు "ఏనుగును జరుపుము, గుఱ్ఱమును దూకించుము" అని సలహాలు చెప్పుదురు. ఆలోచనకు హద్దు లేదు. భోజనమునకు పిలుపు వచ్చువరకు ఒకే ఎత్తును గూర్చి తలపోయువారును కలరు. పోటీలో ఈ వసతులేవియు లేవు. ముట్టిన పావునే జరుపవలెను. సలహా చెప్పువా రుండరు. ప్రక్కన గడియారము పరుగిడుచుండును. గెలుపైనను ఓటమియైనను ఆడినవారిదే.

అందువలననే పాఠశాలలో చక్కగా ఆడు బాలబాలికలు కూడ పోటీ యనగానే వెనుకాడుదురు. "ఓడినచో నలుగురిలో తలవంపులు గదా!" అని వారి భయము. ఈ భయము కేవలము అకారణమైనది కాదు. కాని పోటీ నడచు తీరును తెలిసికొన్నచో అది చాలవరకు తొలగిపోవును. శని, ఆదివారములలో పాఠశాలలందును, కల్యాణ మండపములందును జరుగు చిన్న పోటీలు ఓడినవారిని ఇంటికి పంపవు. ఈ సంగతి పలువురకు తెలియదు.

పూర్వ మట్లు కాదు. 1851లో లండను నగరమున మొదటి అంతర్జాతీయ చదరంగపు పోటీ జరిగినది. పాల్గొన్నవారు 16 మంది. మొదటి రౌండులో ఓడిన ఎనమండుగురును అంతటితో తొలగవలసి వచ్చినది. జర్మను దేశీయుడైన ఆండర్సన్ విజేత యయ్యెను. ఓడినవానికి రెండవ అవకాశము లేకుండుట ఆ పద్ధతిలోని లోపము. పోనీ, ప్రతివారును ప్రతివారితో ఆడవలెనన్నచో, 64 మంది పాల్గొను పోటీలో ఒక్కొక్కరు 63 ఆటలు ఆడవలెను. అది రెండు దినములలో అయ్యెడి పని కాదు.

ఈ చిక్కును తీర్చిన ఉపాయము 1895లో స్విట్జర్లాండు దేశమందలి జూరిచ్ నగరమున మొదటిసారి చదరంగమున వాడుకలోనికి వచ్చినది. కావున దానిని స్విస్ పద్ధతి యందురు. గెలిచిన ఆటకు ఒక పాయింటు. సమానముగా ముగిసిన ఆటకు అర పాయింటు. ఓడిన ఆటకు సున్న. ఎవరును తొలగిపోరు. ప్రతి రౌండులోను సమానమైన పాయింట్లు గలవారిని, లేదా దాదాపు సమానముగా నున్నవారిని జతపరతురు. ఒకమారు ఆడినవారితో మరల ఆడ నక్కరలేదు. గెలిచినవానికి గెలిచినవాడును, ఓడినవానికి ఓడినవాడును ఎదురగుదురు. కావున పోటీ సాగినకొలది ప్రతివారికిని తమకు తగిన జోడు లభించును.

దీనిలోని చమత్కారమును లెక్కవేసి చూడుడు. 64 మంది ఆరు రౌండ్లు ఆడిరనుకొందము. ఏ ఆటయు సమానముగా ముగియలేదనుకొందము. మొదటి రౌండు తరువాత ఒక పాయింటు గలవారు 32 మంది. రెండవ రౌండు తరువాత రెండు పాయింట్లు గలవారు 16 మంది. ఇట్లు ఎనమండుగురు, నలుగురు, ఇద్దరు అగుచు, ఆరవ రౌండు ముగియునప్పటికి అన్ని ఆటలు గెలిచినవాడు ఒక్కడే మిగులును. అన్ని ఆటలు ఓడినవాడును ఒక్కడే. అయిదు పాయింట్లవారు 6గురు, నాలుగు పాయింట్లవారు 15 మంది, మూడు పాయింట్లవారు 20 మంది, రెండు పాయింట్లవారు 15 మంది, ఒక పాయింటువారు 6గురు. అనగా 64 మందిలో 62 మంది గెలుపును, ఓటమిని రెండింటిని రుచిచూచిన వారే! ఇక ఓడినందులకు సిగ్గుపడుట దేనికి?

ఇక పోటీ నడచు తీరు. శనివారము ఉదయము మీ పేరు నమోదైన పిమ్మట గోడకు ఒక పట్టిక అంటింతురు. ఎవరు ఎవరితో, ఏ బల్లయొద్ద, ఏ రంగు పావులతో ఆడవలెనో అందుండును. ఎదుటివానితో కరచాలనము చేసి కూర్చుందురు. అతడు మీకంటె పదియేండ్లు పెద్ద కావచ్చును. మూడవ తరగతి చదువు పాప కావచ్చును. పండు తలలు గల తాతగారును పదియేండ్ల మనుమడును సమానస్కంధులుగా కూర్చుండి ఆడగల ఆటలు లోకమున ఎక్కువ లేవు. 1924లో పారిస్ నగరమున స్థాపింపబడిన ప్రపంచ చదరంగ సమాఖ్య "మన మందరము ఒకే జనము" అను అర్థము గల లాటిను వాక్యమును తన ధ్యేయముగా స్వీకరించినది. ఆ మాటకు అర్థము ఇట్టి బల్లలయొద్ద కన్నులార చూడవచ్చును.

బల్లమీద జంట గడియార ముండును. 1851 నాటి పోటీలో గడియారములు లేవు. కొందరు ఒక్కొక్క ఎత్తునకు చాలసేపు కూర్చుండి ఎదుటివారికి విసుగు పుట్టించిరి. 1883లో లండనులో జరిగిన పోటీలో జంట గడియారములు వాడిరి. మీరు ఎత్తు వేసి మీట నొక్కగానే మీ గడియారము ఆగి ఎదుటివాని గడియారము నడచును. ఒక్కొక్కరికి 25 నిమిషములు, ప్రతి ఎత్తునకు అదనముగా 10 సెకనులు ఇచ్చుట చిన్న పోటీలలో ఒక వాడుక. ఆ లెక్కన ఇరువురును అరువదేసి ఎత్తులు వేసినను, ఆట గంటా పది నిమిషములకు మించదు. కావున రోజునకు మూడు రౌండ్లు సులభముగా సాగును. ధనమువలె కాలమును పొదుపుగా వాడుట ఇచట అలవడును. ఆరంభమున దుబారా చేసినవాడు చివర కష్టమైన ఎత్తు వచ్చునప్పటికి దరిద్రు డగును.

ముట్టిన పావును జరుపవలెనను నియమము గొప్పది. గడిలో సరిగా లేని పావును సవరింపవలెనన్నచో, మీ వంతు వచ్చినపుడు, ముందుగా "సర్దుచున్నాను" అని చెప్పి ముట్టుకొనవలెను. చెప్పక ముట్టినచో దానినే కదుపవలెను. చెయ్యి ముందు, బుద్ధి వెనుక నడచువారిని ఈ నియమము ఒక్క దినములోనే దిద్దును. సందేహము వచ్చినపుడు ఎదుటివానితో వాదులాడరాదు. గడియారమును ఆపి చెయ్యెత్తినచో మధ్యవర్తి వచ్చి తీర్పు చెప్పును. సెల్ ఫోనును ఆటశాలలోనికి తీసికొనిపోరాదు.

నేను ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున ఒకమారు మా విద్యార్థులను కొందరిని ఇట్టి పోటీకి తీసికొనిపోతిని. వారిలో ఒక బాలుడు మొదటి రెండు ఆటలును ఓడిపోయెను. కన్నీరు నింపుకొని, "మాస్టారూ, మధ్యాహ్నపు బస్సుకు నేను ఇంటికి పోయెదను" అనెను. "పోవచ్చునురా అబ్బాయీ. కాని పట్టికలో నీ పేరు ఇంకను ఉన్నది. నీ కొరకు ఒకరు బల్లయొద్ద కూర్చుండి యుందురు. వారి మాట యేమి?" అంటిని. అతడు మారు పలుకక లోనికి పోయెను.

అచట కూర్చుండినది అతనికంటె చిన్నదైన ఒక బాలిక. ఆమెయు రెండు ఆటలు ఓడి వచ్చినదే. ఆట సాగిసాగి, మా బాలునకు రాజు ఒక్కడే మిగిలెను. ఆ బాలికకు మంత్రి యుండెను. గెలుపు చేతికందినదన్న సంతోషముతో ఆమె తటాలున మంత్రిని జరిపెను. బాలుడు పలకను మరల మరల చూచి చెయ్యెత్తెను. మధ్యవర్తి వచ్చి చూచి, ఆట సమానముగా ముగిసినదని చెప్పెను. ఏలనన, బాలుని వంతు వచ్చినను అతని రాజు కదలుటకు ఒక్క గడియు లేదు. ఆ రాజునకు చెక్కును లేదు. అట్టి స్థితిలో ఎవరును గెలిచినట్లు కాదు.

బాలిక కన్నులు చెమ్మగిల్లెను. తన ఓటమి తప్పినదని మా బాలుడు గంతులు వేయలేదు. ఆమెతో కలిసి బయటి వసారాలో పావులను మరల అమర్చెను. "ఇక్కడ పెట్టకుండ ఒక గడి దూరముగా పెట్టి యుండినచో?" అని ఇరువురును వెదకసాగిరి. కొంతసేపటికి వారొక సూత్రమును కనుగొనిరి: మూలనున్న ఒంటి రాజునకు, గుఱ్ఱము దూకునంత దూరమున ఎదుటి మంత్రి నిలిచినచో, ఆ రాజునకు దారి మూసికొనిపోవును. గెలువవలసినవారు ఆ గడిని విడువవలెను. నాల్గవ రౌండునకు పిలుపు వచ్చువరకు వారు అచటినుండి లేవలేదు. ఆదివారము సాయంకాలమునకు మా బాలునకు ఆరింట రెండున్నర పాయింట్లు వచ్చెను. బహుమానము రాలేదు. బస్సులో అతడు నన్నడిగిన దొక్కటే: "మరల పోటీ యెప్పుడు, మాస్టారూ?"

పోటీలోని ఆనందమంతయు ఆ వసారాలో నున్నది. ఆట నడచునంతవరకు ఎదుటివాడు ప్రత్యర్థి. ముగిసిన మరుక్షణమున అతడే గురువు. మనము గమనింపని మన లోపమును అతడే మొదట చూచినాడు గదా! అతనితో కూర్చుండి "ఇచట నీవేమి తలచితివి?" అని అడుగుటకు సంకోచింపరాదు. ఎత్తులను కాగితముమీద వ్రాసికొను అలవాటున్నచో ఇంటికి వచ్చిన పిమ్మటను ఆ ఆటను మరల ఆడి చూచుకొనవచ్చును.

మొదటి ఆట ఓడినంతనే అంతయు పోయినట్లు కాదనుటకు గొప్పవారి చరిత్రలే సాక్ష్యము. కృష్ణా జిల్లా గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్కు నగరమున ప్రపంచ ర్యాపిడ్ పోటీలో పాల్గొనెను. అదియు స్విస్ పద్ధతిలో జరిగినదే. మొదటి రౌండులోనే ఆమె ఓడిపోయెను. ఐనను నిబ్బరము వీడక ఆడి, 11 రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు సాధించి, 2019లో వలెనే మరల ప్రపంచ విజేత యయ్యెను. చెన్నైలో తెలుగు కుటుంబమున జన్మించిన దొమ్మరాజు గుకేశ్ అదే మాసమున సింగపూరులో ప్రపంచ కిరీటమును గెలుచుకొనెను. అతని వయస్సు అప్పటికి 18 సంవత్సరములు. అతడును చైనా దేశీయుడైన డింగ్ లిరెన్‌తో ఆడిన మొదటి ఆటను ఓడినవాడే. పదునాలుగవ ఆటలో గాని జయము తేలలేదు.

బాలబాలికలారా! అందరును హంపి, గుకేశ్‌లు కానక్కరలేదు. కాని రెండు దినములు పుస్తకములను ప్రక్కనబెట్టి ఆరుగురు అపరిచితులతో బుద్ధిబలము పరీక్షించుకొనుట ప్రతివారికిని సాధ్యమే. ముందటి రాత్రి బాగుగా నిద్రింపుడు. త్రాగుటకు నీరు వెంట తీసికొనిపొండు. ఎదుటివాడు ఎత్తు వేయగానే "ఇతడు దీనిచే నేమి కోరుచున్నాడు?" అని ఒకసారి ప్రశ్నించుకొనుడు. గెలిచినపుడు బిగ్గరగా నవ్వకుడు. ఓడినపుడు పావులను విసరకుడు. కరచాలనము చేసి, పావులను మొదటి గళ్లలో అమర్చి లేవుడు. ఓడలు బండ్లగుటయు, బండ్లు ఓడలగుటయు ఈ ఆటలో గంటకొకసారి జరుగుచుండును. తరువాతి రౌండు పట్టికలో మీ పేరు తప్పక ఉండును.

అభ్యాసము

1. అరుగుమీది ఆటకును పోటీ ఆటకును గల భేదము లెవ్వి?
2. స్విస్ పద్ధతివలన ఓడినవారికి కలుగు మేలేమి?
3. 32 మంది అయిదు రౌండ్లు ఆడినచో, ఏ ఆటయు సమానముగా ముగియనిచో, ఎన్ని పాయింట్లవారు ఎందరుందురో లెక్కకట్టుడు.
4. "ఆట ముగిసిన మరుక్షణమున ప్రత్యర్థియే గురువు." ఈ మాటను మీ అనుభవముతో సమర్థించి పది వాక్యములు వ్రాయుడు.