చప్పుడు లేని జబ్బు

పిల్లలూ! కాలిలో ముల్లు గుచ్చుకుంటే వెంటనే తెలుస్తుంది. పన్ను పుచ్చితే రాత్రంతా నిద్ర పట్టదు. అయితే ఏ నొప్పీ లేకుండా ఏళ్ల తరబడి లోలోపల పెరిగే జబ్బులు కూడా ఉన్నాయి. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అలాంటిదే. మన కోటవురట్లకు ఈశాన్యంగా, శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఇది వేలమందిని పట్టి పీడిస్తోంది.

మరి మూత్రపిండం పాడవుతూ కూడా ఎందుకు మౌనంగా ఉంటుంది?

ఒక్కొక్క మూత్రపిండంలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ఇవి కంటికి కనిపించని వడపోత గొట్టాలు. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడగడతాయి. అందులో శరీరానికి కావలసినది తిరిగి రక్తంలో చేరుతుంది. మూత్రంగా బయటకు వచ్చేది లీటరున్నర మాత్రమే.

పదిమంది కూలీలు చెరకు నరుకుతున్నారనుకోండి. ఒకనాడు ఇద్దరు రాకపోతే మిగిలిన ఎనిమిదిమందే ఆ పని పూర్తి చేస్తారు. సాయంత్రం మోపులు లెక్కపెట్టేవారికి తేడా కనిపించదు. కానీ రోజూ అదనపు బరువు మోస్తే వాళ్లూ నీరసిస్తారు. కొన్ని నెఫ్రాన్లు పాడైనపుడు మిగిలినవాటికి జరిగేదీ ఇదే. కాళ్ల వాపు, ఆకలి మందగించడం, ఆయాసం వంటి లక్షణాలు కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

సాధారణంగా ఈ వ్యాధికి మధుమేహం, అధిక రక్తపోటు ముఖ్య కారణాలు. ఉద్దానంలో మాత్రం ఆ రెండూ లేనివారికి కూడా ఎక్కువగా వస్తోంది. కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

లోపలి సంగతి తెలుసుకోవడానికి రక్తంలో క్రియాటినిన్‌ను కొలుస్తారు. ఇది కండరాలలో తయారయ్యే వ్యర్థపదార్థం. వడపోత సగానికి తగ్గితే, రక్తంలో ఇది సుమారు రెట్టింపవుతుంది. ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. ఒక సన్నని మనిషికి నిరుడు డెసిలీటరుకు 0.6 మిల్లీగ్రాములు ఉంది. ఈ ఏడు 1.2 వచ్చింది. చాలా ప్రయోగశాలల పట్టికలో 1.2 మామూలు అంకెే. కానీ ఆ మనిషి వడపోత దాదాపు సగం పోయింది! పాత కాగితం పక్కన పెట్టి చూస్తేనే ఈ సంగతి బయటపడుతుంది.

మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా అవసరమే. అయితే ఉద్దానం తరహా జబ్బులో ఆల్బుమిన్ ఎక్కువగా పోకపోవచ్చు. అందుచేత రెండు పరీక్షలూ చేయించాలి.

మీ ఇంట్లో మధుమేహం, రక్తపోటు ఉన్న పెద్దలుంటే ఏటా ఈ పరీక్షలు చేయించుకోమని చెప్పండి. వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలు వాడవద్దని చెప్పండి. పరీక్షల కాగితాలను తేదీల వారీగా ఒక సంచిలో భద్రపరచే పని మీరు తీసుకోండి.