పిడికెడు ఊక: డ్రోన్ నేర్చుకునే పిల్లలకు నా అనుభవ పాఠాలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారికి ఇటూ అటూ ఉన్న ఊళ్లలో ముప్పై ఏళ్లు తైవాన్ పంపు భుజాన వేసుకుని మందు కొట్టాను. అరవై ఒకటో ఏట గుంటూరు పక్కన లాం వెళ్లి డ్రోన్ నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. సాయంత్రమైతే ఊళ్లో పిల్లలు మా అరుగు మీద చేరి, "పెదనాన్నా, ఎన్ని రోజులు పడుద్ది? ఎంతవుద్ది? నెలకెంత మిగులుద్ది?" అని అడుగుతున్నారు. వాళ్లు అడిగినవాటిలో కొన్నిటికి జవాబులతోపాటు, అడగాల్సి ఉండీ అడగనివి కూడా ఇక్కడ రాస్తున్నాను.

1. కాగితం ఏదో ముందు తెలుసుకోండి

మా బంధువుల అబ్బాయి ఒకడు ఫోన్లో ప్రకటన చూసి డబ్బు కట్టాడు. మూడు రోజులు వీడియోలు చూపించి, బంగారు అంచున్న సర్టిఫికెట్ ఇంటికి పంపారు. వాడు డ్రోన్‌ని చేత్తో ముట్టుకోనే లేదు. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. అది దేనికీ పనికిరాదని వాళ్లమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్, 2022 ఫిబ్రవరిలో వచ్చిన సవరణ ప్రకారం మనకు కావాల్సింది రిమోట్ పైలట్ సర్టిఫికెట్. పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ డి.జి.సి.ఏ. గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థే దాన్ని ఇవ్వాలి. గుర్తింపు ఉన్న సంస్థల జాబితా డి.జి.సి.ఏ. వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. డబ్బు కట్టేముందు ఆ జాబితాలో పేరు వెతకండి. పదో తరగతి పాసై, వయసు పద్దెనిమిదికీ అరవై ఐదుకీ మధ్య ఉంటే చాలు. పాస్‌పోర్టు కావాలన్న నిబంధనను 2023 సెప్టెంబరులో తీసేశారు కాబట్టి ఓటరు కార్డో, రేషన్ కార్డో, డ్రైవింగ్ లైసెన్సో చూపించొచ్చు. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది.

నేను లాం ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆ గుర్తింపు ఉంది, పైగా వాళ్లకు పైరు తెలుసు. సాంబ మసూరి, అంటే మనం బీపీటీ అనే 5204 రకం, పుట్టింది బాపట్లలోనే కదా. ఎగరెయ్యడం ఎవరైనా నేర్పుతారు. వరి ఏ దశలో ఉంటే ఎంత ఎత్తున ఎగరాలో పైరు తెలిసినవాడే చెప్పగలడు.

2. బరువు ఖాళీగా చూడొద్దు

రెండు కిలోల నుంచి ఇరవై ఐదు కిలోల దాకా ఉన్నది స్మాల్ తరగతి. మందు కొట్టే పది లీటర్ల డ్రోన్ సాధారణంగా ఇందులోకి వస్తుంది. అయితే బరువంటే ట్యాంకు నిండా మందు, బ్యాటరీలు, అన్నీ కలిపి లెక్క. ఇరవై ఐదు దాటితే తరగతి మారుతుంది, దానికి శిక్షణ వేరు. తెనాలి ఫోటో స్టూడియోల కుర్రాళ్లు కూడా ఇది వినాలి. రెండొందల యాభై గ్రాముల లోపుదానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. అది దాటి రెండు కిలోల లోపుంటే సరదాకి ఎగరేసుకోవచ్చు గానీ, పెళ్లికి డబ్బు తీసుకుని ఎగరేస్తే సర్టిఫికెట్ ఉండాలి.

3. గాలి

నా చిన్నప్పుడు మా నాన్న కల్లంలో చేట ఎత్తి తూర్పారబట్టేవాడు. గాలి నిలకడగా వచ్చేదాకా చేట ముట్టేవాడు కాదు. ముందు పిడికెడు ఊక తలపై ఎత్తునుంచి వదిలి, ఎక్కడ పడిందో చూసేవాడు. గాలి మెలికలు తిరుగుతుంటే చుట్ట వెలిగించుకుని గడ్డివాము నీడన కూర్చునేవాడు. అమ్మ తొందరపెట్టినా లేచేవాడు కాదు. డ్రోన్‌కి కావాల్సిన చదువులో సగం నాకు ఆ కల్లంలోనే వచ్చింది. ఆయనకు గాలి కావాలి, నాకు గాలి వద్దు, అంతే తేడా.

అంత తెలిసీ తప్పు చేశాను. మొదటి ఏడాది అక్టోబరులో రేపల్లె దిగువన ఒక రైతు వరికి దోమ మందు కొట్టమన్నాడు. పొద్దున్నే వెళ్లాల్సింది, బ్యాటరీల చార్జింగు ఆలస్యమై పదకొండున్నరకు చేరాను. అప్పటికే సముద్రం మీంచి గాలి లేస్తోంది. పొలానికి ఉత్తరాన ఒక గట్టు, ఒక బోదె, దాని అవతల రొయ్యల చెరువు. గట్టు పక్కన ఇంకో యాభై సెంట్లే మిగిలింది, నాలుగు నిమిషాల పని. కొట్టేశాను. మర్నాడు తెల్లారేసరికి ఆ చెరువు అంచున రొయ్య తేలి ఉంది. చెరువు కౌలుకు తీసుకున్నాయన నన్నేమీ తిట్టలేదు, గట్టు మీద కూర్చుని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. నష్టం నేనే కట్టాను. ఆ ఏడాది సంపాదన అందులోకే పోయింది. ఆ మనిషి కూర్చున్న తీరు మాత్రం ఇంకా నా కళ్లముందు ఉంది.

పంపుతో కొట్టేటప్పుడు ఎకరం మందును నూట యాభై, రెండొందల లీటర్ల నీళ్లలో కలిపేవాళ్లం. డ్రోన్‌లో అదే మందు పది లీటర్లలో పోతుంది. అంటే ఒక్కో చుక్కలో పదిహేను, ఇరవై రెట్లు విషం. ఆ చుక్క చిన్నది, తేలికది, పైగా కిందికి కొట్టే రెక్కల గాలి మీద పోయేది. అందుకే చేతి మీటరుతో గాలి కొలుస్తాను, ఊక డబ్బా కూడా బండిలో ఉంటుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగిస్తాను. దిగువన చెరువుంటే ఆ పక్క నాలుగు సాళ్లు వదిలేసి, రైతుకు ముందే చెబుతాను. ఒప్పుకోకపోతే ఆ పొలం పట్టను.

4. మందు ముందు సీసాలో కలపండి

రెండు మందులు కలపమని రైతు ఇస్తే, వాటిని చిన్న మంచినీళ్ల సీసాలో అదే పాళ్లలో కలిపి పది నిమిషాలు గట్టు మీద పెట్టి చూడండి. విరిగిన పాలలా గడ్డలు కట్టినా, అడుగున పేరుకున్నా ట్యాంకులో పోయొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు, పిన్నుతో పొడవొద్దు. పాత పళ్ల బ్రష్షు చాలు. పిన్ను పెడితే రంధ్రం పెద్దదై చుక్క సైజు మారిపోతుంది, ఆ సంగతి పది రోజుల తర్వాత పైరు చారలు చారలుగా మాడినప్పుడు గాని తెలియదు.

5. బాపట్ల వైపు వెళ్తే మ్యాప్ తెరవండి

సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది, క్షిపణులు పరీక్షించే చోటు అది. బీచ్‌లో పెళ్లి ముందు షూటింగులకు వెళ్లే కుర్రాళ్లకు అక్కడ ఇసుక, అలలే కనిపిస్తాయి. డి.జి.సి.ఏ. మ్యాప్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుంటాయి. ఆకుపచ్చలో నాలుగొందల అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా లేపకూడదు. "మొన్న ఫలానావాడు ఎగరేశాడు, ఎవరూ ఏమనలేదు" అన్న మాట నాకు చెప్పొద్దు.

6. చేత్తో చూడండి

ఎగరేసే ముందు ప్రతి రెక్క అంచు మీదా బొటనవేలితో రాయండి. కంటికి కనపడని పగులు వేలికి గరుగ్గా తగులుతుంది. దిగాక బ్యాటరీ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చదనం పోయేదాకా చార్జింగులో పెట్టొద్దు, ఉబ్బినదాన్ని మళ్లీ వాడొద్దు. పొలం చుట్టూ ఒకసారి నడవండి. మన గట్ల మీద తాడిచెట్లుంటాయి, మోటార్ల కరెంటు తీగలుంటాయి. ఫోన్ తెరలో ఆ తీగ కనపడదు.

7. ఆకాశంలో మనుషులుంటే దిగిపోండి

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలినప్పుడు మా కరకట్ట మీద రాత్రంతా జాగారం. విజయవాడలో నీళ్లలో చిక్కుకున్నవాళ్లకు ప్రభుత్వం డ్రోన్లతో తిండి, నీళ్లు పంపుతోందని టీవీలో చూసి, మన డ్రోన్‌తో లంకల్లోకి పంపుదామని పిల్లలు నా మీద పడ్డారు. నాకూ వెళ్లాలనే ఉంది. కానీ సహాయానికి హెలికాప్టర్లు తిరుగుతున్నాయి, మనుషులున్న విమానానికి డ్రోన్ ఎప్పుడైనా దారి వదలాల్సిందే. అధికారులకు నా పేరు, సర్టిఫికెట్ నంబరు రాసిచ్చి, పిలిస్తే వస్తానని చెప్పి వచ్చాను. పిలవలేదు. ఆ రోజు ఇసుక బస్తాలు మోశాను.

8. సంపాదన

ఎకరానికి నాలుగొందలు తీసుకుంటాను. ఎకరం కొట్టడానికి ఏడెనిమిది నిమిషాలే గానీ, బ్యాటరీలు మార్చడం, మందు కలపడం, గట్టు దాటడం కలిపితే పొద్దుటి పూట పది, పన్నెండు ఎకరాలు అయితే గొప్ప. సార్వా వరికి, ఆ తర్వాత మినుముకు పని ఉంటుంది, మిగతా నెలలు పలచగా ఉంటాయి. మొదటే అప్పు చేసి సొంతానికి కొనొద్దు. ఒక సీజను ఎవరి దగ్గరైనా చేసి చూడండి. బీమా కట్టండి, రిజిస్ట్రేషన్ నంబరు లేని డ్రోన్ చౌకగా వస్తోందని పట్టుకోవద్దు.

9. ఆడపిల్లలు

2023 నవంబరులో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం ప్రకటించింది. పదిహేను వేల మహిళా సంఘాలకు డ్రోన్లు, ఖర్చులో ఎనభై శాతం, ఎనిమిది లక్షలకు మించకుండా సాయం. శిక్షణ పదిహేను రోజులు: అయిదు రోజులు ఎగరెయ్యడం, పది రోజులు వ్యవసాయ పని. మా పక్కూరి డ్వాక్రా సంఘం అమ్మాయి ఇప్పుడు నాతో వస్తోంది. ఆమె చెయ్యి నాకంటే నిలకడ. గట్టు మీద మలుపు తిప్పేటప్పుడు నేను కర్ర ఒక్కసారిగా లాగుతాను, ఆమె వేళ్లు కవ్వం తిప్పినట్టు మెల్లగా కదులుతాయి. నిన్న అయిదింటికి పొలంలో దిగాం. మంచు ఇంకా ఆరలేదు. ఆమె రెక్కలన్నీ వేలితో రాసి చూసి, అడుగు వెనక్కి వేసి, "బాబాయ్, గాలెట్టా ఉంది?" అంది. డబ్బాలోంచి పిడికెడు ఊక తీసి తలపైకెత్తి వదిలాను. నా చెప్పుల మీదే పడింది.

"ఎత్తమ్మా," అన్నాను.