గీత మాయమయ్యే చోట కాలిక్యులస్

“ఎక్స్ స్క్వేర్‌ని డిఫరెన్షియేట్ చేస్తే?” అని అడిగితే ఎంపీసీ పిల్లలు ఠక్కున “టూ ఎక్స్ సార్” అంటారు. “టూ ఎక్స్ అంటే అక్కడ ఏం జరుగుతోందమ్మా?” అంటే మాత్రం క్లాసంతా నిశ్శబ్దం. ఇంటర్‌లో దాటేసిన ఈ ప్రశ్న ఊరికే వదలదు. బీటెక్ మొదటి ఏడాది గణితంలో, గేట్ డేటా సైన్స్-ఏఐ పేపర్లో, మెషిన్ లెర్నింగ్ చదివేటప్పుడు గ్రేడియంట్ డిసెంట్ దగ్గర, లెక్చరర్ కావాలనుకునేవారికి డెమో క్లాసులో మళ్లీ ఎదురొస్తుంది. జవాబు నేర్పే వనరులు నెట్‌లో ఉచితంగా బోలెడున్నాయి. దేన్ని దేనికి వాడాలో తెలిస్తే చాలు.

ముందుగా డెస్మోస్. ఇది ఫోన్‌లోనూ పనిచేసే ఉచిత గ్రాఫింగ్ కాలిక్యులేటర్. అందులో వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ వక్రం గీయండి. ఎక్స్ విలువ 1 ఉన్నచోట ఒక బిందువు, 1 ప్లస్ హెచ్ ఉన్నచోట ఇంకొకటి తీసుకుని, రెంటినీ కలిపే గీతకు సమీకరణం ఇవ్వండి. దాని వాలు మీరే టైప్ చేయాలి: రెండు వై విలువల తేడాను హెచ్‌తో భాగించడమే. హెచ్‌కి స్లైడర్ వస్తుంది. హెచ్ 1 అయితే వాలు 3. హెచ్ 0.1 అయితే 2.1. హెచ్ 0.01 అయితే 2.01. గీత మెల్లగా స్పర్శరేఖ మీదికి ఒరుగుతుంది. ఇప్పుడు హెచ్‌ని సరిగ్గా సున్నా చేయండి. గీత తెరమీంచి మాయమవుతుంది! సున్నాను సున్నాతో భాగించమన్నాం మరి. వాలు 2కి అంత చేరువగా వచ్చి, తీరా అక్కడికి చేరాక విలువే లేకుండా పోవడం కళ్లారా చూసినవారికి లిమిట్ ఎందుకు కావాల్సొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఈ ఒక్క గీత మీద పీరియడంతా గడిపినా వృథా కాదని నా నమ్మకం. డెమో క్లాసుకి వెళ్లే ఎమ్మెస్సీ, బీఎడ్ అభ్యర్థులు దీంతోనే మొదలుపెట్టవచ్చు.

ఇంటిగ్రేషన్‌కి ఇలాంటి బొమ్మ కావాలంటే ‘త్రీబ్లూవన్‌బ్రౌన్’ ఛానెల్‌లో గ్రాంట్ శాండర్సన్ 2017లో పెట్టిన ‘ఎసెన్స్ ఆఫ్ కాలిక్యులస్’ చూడండి. ఉల్లిపాయను అడ్డంగా కోస్తే కనిపించే చుట్లలా వృత్తాన్ని సన్నటి చుట్లుగా విడదీసి, ఒక్కోదాన్ని సాగదీసి వరసగా పేరిస్తే త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యం కడితే పై ఆర్ స్క్వేర్! అయితే చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే చెయ్యి కదలదు. అందుకే వీడియో మధ్యలో ఆపి, తర్వాతి మెట్టు నోట్‌బుక్‌లో మీరే వేసుకోవాలి.

లెక్కల సాధనకు అమెరికాలోని లామార్ యూనివర్సిటీ అధ్యాపకుడు పాల్ డాకిన్స్ రాసిన ‘పాల్స్ ఆన్‌లైన్ నోట్స్’ నాకు అన్నిటికంటే నచ్చింది. ప్రాక్టీస్ లెక్కలకు మెట్టు మెట్టుగా సాధనలుంటాయి. అసైన్‌మెంట్ లెక్కలకు మాత్రం కావాలనే జవాబులివ్వలేదు, కాబట్టి టీచర్లు నేరుగా హోంవర్కుగా ఇచ్చుకోవచ్చు. పీడీఎఫ్‌లు ఒకసారి దించుకుంటే డేటా బాధ ఉండదు.

ఖాన్ అకాడమీలో వెతికేవారికి ఒక జాగ్రత్త. అక్కడ ‘ఏపీ కాలిక్యులస్’ అని కనిపిస్తే అది ఆంధ్రప్రదేశ్ సిలబస్ అనుకునేరు! అమెరికా విద్యార్థుల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సు అది. అందులో ‘ఏబీ’ ఒక్కటే చదివితే మన ఇంటర్‌లో ఉన్న ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, పాక్షిక భిన్నాలు తగలవు. అవి ‘బీసీ’లో ఉంటాయి.

డిగ్రీ, బీటెక్ వారికి ఎన్‌పీటెల్ పాఠాలు, ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో డేవిడ్ జెరిసన్ ఉపన్యాసాలు సరిపోతాయి. లెక్కలు చేసిపెట్టే వోల్‌ఫ్రామ్ ఆల్ఫాను మీ లెక్క పూర్తయ్యాకే తెరవండి. ఇక ఇంజినీరింగ్ ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నల్లో 80 గణితానివే, మొత్తానికి ఉన్నది 180 నిమిషాలు. ఆ వేగం పైవాటిలో ఏదీ నేర్పదు. పాత ప్రశ్నపత్రాలు, గడియారం ముందు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారు ఈ వీడియోలు భాష దగ్గరే ఆపేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. మీకు లెక్క తెలుసు, పేరు కొత్తదంతే. నోట్‌బుక్ చివరి పేజీలో రెండు గళ్లు గీయండి. అవధి ఎదురుగా లిమిట్, అవకలనం ఎదురుగా డిఫరెన్షియేషన్, సమాకలనం ఎదురుగా ఇంటిగ్రేషన్, స్పర్శరేఖ ఎదురుగా టాంజెంట్, అభిలంబరేఖ ఎదురుగా నార్మల్ అని రాసుకోండి. వినపడిన కొత్త పదమల్లా అందులో చేర్చుకుంటూ, మొదటిరోజు సగంలో ఆపేసిన వీడియోనే వారం తర్వాత మళ్లీ పెట్టి చూడండి.