తెల్లగా ఉన్నది ఏ పురుగు?

తొలకరి రోజుల్లో మన హాస్టల్ వెనక చెట్లన్నీ ఒక్కసారే రొద పెడతాయి. చదువుకోనివ్వవు అని కొందరికి కోపం కూడా. ఆ రొద చెట్టు కీచురాయిది. పుస్తకాల్లో సికాడా అని రాస్తారు. రాత్రి గోడమూలల్లో అరిచే కీచురాయి వేరు, అది మిడతల చుట్టం. ఇది పేనుబంకకీ, నల్లికీ చుట్టం.

దీని గొంతు అందరికీ తెలుసు గానీ, కుబుసం విడిచిన గంటలో దీన్ని చూస్తే గుర్తుపట్టడం కష్టం. మొన్న రాత్రి కుళాయి పక్క చెట్టు మీద ఒకటి కనిపిస్తే ఆరో తరగతి తమ్ముళ్లు విషప్పురుగు అని చెప్పు తీశారు. వాళ్లని అని లాభం లేదు. ఆ సమయంలో ఒళ్లు లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, రెక్కలు నలిగిన కాగితం. నేను అడ్డం నిలబడ్డాను. అందుకే ఈ వ్యాసం.

ముందుగా రంగు చూడొద్దు. పక్కన ఖాళీ పెంకు ఉందా అని వెతకండి. మట్టిరంగులో ఉంటుంది, వీపు నిలువునా చీలి ఉంటుంది. ముందుకాళ్లు ఎండ్రకాయ కాళ్లలా లావు, మట్టి తవ్వడానికి. చీలిక దగ్గర తెల్లటి దారాలు వేలాడతాయి. బొద్దింక పాఠంలో చదివిన వాయునాళాలు గుర్తున్నాయా? ఆ దారాలు వాటి లోపలి పొరే. పెంకుతో పాటు అదీ ఊడి వస్తుంది!

తర్వాత పురుగును చూడండి. తల వెడల్పు, రెండు పెద్ద కళ్లు చెరో చివర, నడుమ పూసల్లాంటి చిన్న కళ్లు మూడు. మీసాలు బాగా పొట్టి. మీసాలు పొడుగ్గా ఉంటే అది బొద్దింక కావచ్చు. కుబుసం విడిచిన బొద్దింక కూడా తెల్లగానే ఉంటుంది మరి.

ముట్టుకోవద్దు. దీనికి విషం లేదు, కొండి లేదు, తొండం చెట్టురసం పీల్చడానికే. భయం మనకి కాదు, దానికి. ఒంట్లోని ద్రవం రెక్కల నరాల్లోకి పారితేనే అవి విచ్చుకుంటాయి. ఆ కాసేపట్లో కదిపి పడేస్తే రెక్కలు ముడతల్లోనే గట్టిపడి ఇంక ఎగరలేదు. ఏళ్లతరబడి భూమిలో వేళ్ల రసం తాగి, ఆ ఒక్క రాత్రి కోసం పైకి వచ్చిన పురుగు అది.

ఏటా కనిపిస్తాయి కాబట్టి ఏడాది బతుకే అనుకోకండి. ఏటా కొన్ని పైకి వస్తాయి, మిగతావి లోపల ఎదుగుతుంటాయి. మేఘాలయలో రి-భోయ్ జిల్లాలో మాత్రం 4 ఏళ్లకి ఒకసారే వచ్చే రకం ఉంది. అమెరికాలో 13 ఏళ్లవి, 17 ఏళ్లవి ఉన్నాయి. 1803లో కలిసి వచ్చిన రెండు గుంపులు మళ్లీ 2024లోనే కలిశాయి.

ఏ రకమో ఆ రాత్రే తేల్చకండి. కొన్ని గంటలకి అసలు రంగు దిగుతుంది. తెల్లారాక చూడండి. పొట్ట చివర గుడ్లు పెట్టే సూది ఉంటే ఆడది. అది పాడదు. మగది కూడా పాట అందుకోడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది.

నేను ఏరిన 6 పెంకులు సైన్సు గది కిటికీలో పెట్టాను. ఒకదానికి ముందుకాలు విరిగింది, మిగతావి బాగున్నాయి. స్టడీ అవర్ అయ్యాక వార్డెన్ గారిని అడిగి టార్చి తీసుకుంటే కుళాయి పక్క చెట్టు దగ్గర అసలుదే చూడొచ్చు.