పెద్ద బ్యాగు కొనేముందు టేపు తీయండి

పోయిన సంక్రాంతి సెలవుల్లో అమ్మను ఎక్కించుకుని కర్నూలు నుంచి శ్రీశైలం బయల్దేరాను. బండి నాన్నది, మీటియర్ 350. పాత సాడిల్ బ్యాగుల్లో ఇద్దరి సామాను పట్టదని ఆన్‌లైన్‌లో పెద్దవి కొన్నాను. చూసింది ఒక్కటే, ఎన్ని లీటర్లు అని. సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ ఎంతో చూడకుండా అర్రే సైజు డిక్లేర్ చేసేశాను.

ఆత్మకూరు దాటాక అమ్మ భుజం తట్టింది. "ఏదో కాలుతున్న వాసన వస్తోంది, ఆపు నాన్నా."

దిగి చూస్తే కుడి బ్యాగు కిందికి జారి సైలెన్సర్‌కు అంటుకుపోయింది. లోపల దర్శనానికని పెట్టుకున్న పట్టుచీర అంచు కాలింది. ఎడమ బ్యాగు చూస్తే ఇంకా భయమేసింది. లోపలివైపు టైరు రాపిడికి అరిగిపోయి ఉంది. అది చక్రంలో ఇరుక్కుని ఉంటే ఏమయ్యేదో ఆ రోజు అమ్మకు చెప్పలేదు.

అందుకే ఈ పాఠం. క్రూయిజర్ ఉన్నవాళ్లు, కొనాలనుకునేవాళ్లు చదవండి.

1. లీటర్లు ఎక్కడినుంచి వస్తాయి?

పొడవు 40, ఎత్తు 30, మందం 15 సెం.మీ. ఉన్న బ్యాగు 18 లీటర్లు. మందం 25 చేస్తే 30 లీటర్లు. బాగుంది కదా! కానీ రెండువైపులా కలిపి బండి వెడల్పు 20 సెం.మీ. పెరిగింది. ఎత్తు పెంచితే సైలెన్సర్‌కు దగ్గరవుతుంది. పొడవు పెంచితే ముందు వెనక కూర్చున్నవాళ్ల కాళ్లకో, వెనక ఇండికేటర్‌కో అడ్డం. అందుకని ముందు సామానంతా మంచం మీద పరిచి, నిజంగా ఎంత చోటు కావాలో చూసుకోండి.

2. అట్టపెట్టె టెస్ట్

కొనబోయే కొలతలకు అట్టపెట్టె చేసి బండికి కట్టండి. ఇద్దరూ ఎక్కి కూర్చోండి. షాక్ అబ్జార్బర్లు దిగితే చక్రం బ్యాగు వైపు పైకి వస్తుంది. ఖాళీ బండి మీద కనిపించిన సందు అప్పుడు ఉండదు. గుంతలో పడితే ఇంకా తగ్గుతుంది. సైలెన్సర్, చక్రం, కాళ్లు, ఇండికేటర్లు నాలుగూ చూసుకోండి.

3. సాడిల్ స్టే

బ్యాగును చక్రం వైపు పోకుండా ఆపే ఇనుప ఫ్రేము ఇది. నేను డబ్బులు మిగులుతాయని వదిలేసింది దీన్నే. సీటు మీదుగా వేసే పట్టీలు బరువుకు కొంచెం కొంచెం జారతాయి. మెత్తటి బ్యాగు పెద్దదయ్యేకొద్దీ స్టే అవసరం పెరుగుతుంది.

4. బరువు

పెద్ద బ్యాగు ఉంటే నింపాలనిపిస్తుంది, అదే సమస్య. మాన్యువల్లో ఇచ్చే గరిష్ఠ బరువులో మనం, వెనక కూర్చున్నవాళ్లు, సామాను అన్నీ కలిసే ఉంటాయి. బరువైనవి అడుగున, వీలైనంత ముందుకు, రెండువైపులా సమానంగా పెట్టాలి. బరువు వెనక ఇరుసు దాటితే ముందు చక్రం తేలికవుతుంది. దోర్నాల తర్వాత ఘాట్ మలుపుల్లో అది హ్యాండిల్‌లోనే తెలుస్తుంది. ఇద్దరు ఎక్కినప్పుడు ఉండాల్సిన టైరు గాలి మాన్యువల్ ప్రకారం పట్టించండి, వెనక షాక్‌ల ప్రీలోడ్ పెంచండి.

ఇప్పుడు బండికి స్టే ఉంది, బ్యాగులు అంతకంటే చిన్నవి. పట్టనివి ఇంట్లోనే ఉంటున్నాయి.

ఆ రోజు అమ్మ కాలిన అంచును కుచ్చిళ్లలో దాచి అదే చీరతో దర్శనం చేసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఎడమ బ్యాగు సంగతి ఇది చదివాకే తనకు తెలుస్తుంది.